డయల్ టోన్ లేని ఆదివారం

పోయిన వారం మా ఇంటికి కొత్త ఇంటర్నెట్ బిగించడానికి వచ్చినతను గోడకు ఒక తెల్లటి డబ్బా తగిలించి, దాని మీద పచ్చ దీపం వెలగగానే "అయిపోయింది మేడం" అన్నాడు. నేను కదలకుండా అక్కడే నిలబడ్డాను. "ఇంకేమన్న ఉందా మేడం?" అని అడిగాడు, సంచి భుజానికి తగిలించుకుంటూ. చప్పుడేదీ రాలేదేమని అడుగుదామనుకుని, ఆ అబ్బాయి వయసు చూసి ఊరుకున్నాను. అతను మాటలు నేర్చేనాటికి ఇంటర్నెట్ అంటే చప్పుడే. ముందు ఒక టిక్కు, తర్వాత ఫోను గుయ్యిమనడం, నంబరులో అంకెలు వరసగా పలకడం, ఆ పైన రేకు మీద మేకుతో గీసినట్టు కాసేపు కీచుమనడం. అదంతా అయితేనే లోకం మన ఇంట్లోకి వచ్చేది. ఆ చప్పుడు కోసం మేము ఒక ఎండాకాలమంతా ఎదురుచూశాం. చివరికి మాకు వినపడింది మాత్రం వేరు. ఇన్నేళ్లయినా ఆ సంగతి గుర్తొస్తే, పట్టపగలు కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటాను.

రెండు వేల ఐదో, ఆరో. అప్పుడు మేము మిర్యాలగూడలో, రైసు మిల్లులకు దగ్గరగా ఉండేవాళ్లం. ఆరేసిన బట్టల మీద సన్నటి ఊక దుమ్ము, గాలి ఎటు వీచినా తవుడు వాసన, పొద్దున లేచింది మొదలు మిల్లుల హోరు. ఆ హోరు ఎంత అలవాటైపోయిందంటే, ఆదివారం మిల్లులు ఆగితే చెవిలో ఏదో పడ్డట్టుండేది. నేను సూర్యాపేటలో ఒక జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్ని. రోజూ బస్సులో పోయి రావడం. మా నాన్న పశువుల దవాఖానాలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైన సంగతి ఆయనకు తెలుసు గానీ, మాడుగులపల్లి చుట్టుపక్కల గొర్రెలు కాసేవాళ్లకు తెలియదు, తెలిసినా లెక్కచేసేవాళ్లు కాదు. తెల్లారేసరికి ఎవరో ఒకరు గొర్రెపిల్లను చంకలో ఇరికించుకుని మా గుమ్మం ముందు కూర్చుని ఉండేవాళ్లు. ఆ ఏడు మూతి చుట్టూ పుండ్లొచ్చే జబ్బేదో తిరుగుతోంది. అది మామూలు పుండ్లా, మందను ఊడ్చుకుపోయే రకమా అన్నది నాన్నకు తేలడం లేదు.

అప్పుడు రంగంలోకి దిగినవాడు మా బావ, అక్క మొగుడు. కోదాడ బస్టాండు దగ్గర ఆయనకు జిరాక్సు దుకాణం. "ఇంటర్నెట్‌లో లోకంలో ఉన్న గొర్రెలన్నిటి జబ్బులూ ఫొటోలతో సహా ఉంటాయి మామయ్యా. కంప్యూటరు ఒక్కటి కొనండి, మిగతాది నేను చూసుకుంటాను కదా" అన్నాడు. ఆ "మిగతాది" ఎంత ఉంటుందో అప్పుడు ఎవరికీ తెలియదు. కంప్యూటరు వచ్చిన మొదటి ఆదివారమే బావ దానిలో ఉన్నదంతా చెరిపేసి, ఏదో పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీతో, విండోస్‌కు బదులు లినక్స్ ఎక్కించాడు. దొంగ కాపీలు వాడటం తనకు పడదన్నాడు. ఆయన దుకాణంలో పగలంతా పాఠ్యపుస్తకాలు మొత్తానికి మొత్తం జిరాక్సు తీస్తారన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను.

లినక్స్ అందంగానే ఉంది. మోడెం ఒక్కటే పలకలేదు. కంప్యూటరు లోపల చిన్న పలకలా గుచ్చి ఉంటుంది అది. ఫోను తీగ దాని వెనక పెడితే ఇంటర్నెట్ కలవాలి. చవక రకం. దాని బుర్ర సగం కార్డు మీద, మిగతా సగం విండోస్‌లో ఉంటుందని తర్వాత తెలిసింది. ఆ రెండో సగాన్నే బావ చెరిపేశాడు. లినక్స్‌లో దానికి బదులు పనిచేసే డ్రైవర్ వేరే తెచ్చుకోవాలి. "డ్రైవర్ లేకపోవడమే మన సమస్య" అని బావ ప్రకటించిన రోజు మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఎప్పుడొస్తడు? బియ్యం ఎక్కువ పొయ్యాల్నా?" అని అడిగింది.

ఆ ఎండాకాలం ఆదివారాలన్నీ దానికే పోయాయి. కోదాడ బస్సు దిగి బావ రావడం, అమ్మ మామిడికాయ పప్పు చేయడం, మేమిద్దరం ఆ పెట్టె ముందు చెమటలు కక్కడం. డ్రైవర్ సంపాదించాం, అది వేరే వయసు లినక్స్ కోసం రాసింది, ఎక్కనంది. సరిపోయేదాన్ని పట్టుకుని ఎక్కించాం. అప్పుడూ మోడెం మూగగానే ఉంది. బావది ఒకటే పద్ధతి: పని కాకపోతే అన్నీ తీసేసి మళ్లీ మొదటి నుంచీ ఎక్కించడం. నాకు అంత ఓపిక లేదు. కంప్యూటరు లేచేటప్పుడు తనలో తాను గొణుక్కునే మాటలన్నీ ఒకచోట రాసిపెట్టుకుంటుందని పత్రికలో చదివి, ఆ పేజీ తెరిచాను. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదన్నట్టు, అది ప్రతిసారీ ఒకే ముక్క రాసిపెట్టింది: ఫర్మ్‌వేర్ ఫైలు కనపడలేదు.

"ఫర్మ్‌వేర్ అంటే?" అన్నాడు నాన్న. కరెంటు వచ్చిన ప్రతిసారీ ఆ కార్డు ఏమీ తెలియని స్థితిలో లేస్తుందనీ, అది ఎవరో, ఏం చేయాలో చెప్పే ఫైలును అప్పటికప్పుడు దానిలోకి పంపాలనీ, కరెంటు తీస్తే అన్నీ మరిచిపోతుందనీ బావ చెప్పాడు. నాన్న వంగి ఆ కార్డును చూశాడు. "అంటే రోజూ సస్తది, రోజూ పుడతదన్నట్టు" అన్నాడు. అమ్మకు ఆ మాట నచ్చలేదు. పొద్దుపోయేటప్పుడు అటువంటి మాటలు ఇంట్లో అనొద్దని కసిరింది.

ఫైలును సూర్యాపేటలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో వెతికి, ఫ్లాపీలో వేసుకుని ఒక శనివారం తెచ్చాను. ముందురోజు రాత్రే ఆ ఏటి మొదటి గాలివాన పడి, వీధుల్లో ఇంకా నీళ్లు నిలిచి ఉన్నాయి. మా ఫోను సెట్టు మీటలు నొక్కుడుపడక అప్పటికే వారం కిందట రిపేరుకిచ్చాం. అందుకని గోడకున్న తీగ ఖాళీగా వేలాడుతుండేది. ఆ సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే సెట్టు ఇంట్లో ఉండుంటే తర్వాతి కథ ఇలా నడిచేది కాదు.

ఆదివారం బావ వచ్చాడు. ఫ్లాపీలోంచి ఫైలు దాని చోట పెట్టాం. కనపడలేదంది. గంటసేపు కొట్టుకున్నాక, పేరు పెద్దక్షరాల్లో పడిందని చూశాను. లినక్స్‌కు పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు. మనకు ఒకటే అయిన పేరు దానికి ఇద్దరు మనుషులు. పేరు చిన్నక్షరాల్లోకి మార్చి కంప్యూటరును మళ్లీ లేపాం. పెట్టె లోపల నుంచి టిక్కుమని ఒక చప్పుడు వచ్చింది. బావ ఎగిరి గంతేశాడు. వాకిట్లో బట్టలు తీస్తున్న అమ్మ లోపలికి తొంగిచూసింది. "ఎవరో గొళ్లెం తీసినట్టయింది గదా?" అంది.

మోడెం లేచింది గానీ లైను కలవలేదు. ఫోను ఎత్తగానే గుయ్యిమనే డయల్ టోన్ లేదంది. కార్డు వెనక రెండు బొక్కలున్నాయి, ఒకటి గోడ తీగకు, ఒకటి ఫోనుకు. తప్పుదాంట్లో పెట్టామేమోనని మార్చాం. లేదంది. డయల్ టోన్ కోసం చూడకుండా ఇంటర్నెట్ కంపెనీ నంబరు కొట్టేయమనే కిటుకు ఒకటి పత్రికలో ఉంది. అది పెట్టాక నంబరు కొట్టింది, అవతల ఎవరూ ఎత్తలేదంది. బావ మళ్లీ, మళ్లీ, మళ్లీ కొట్టించాడు. భోజనాలు అయినా కుర్చీ వదల్లేదు. మాకు అప్పటికి తోచిందంతా ఒకటే: తప్పు డ్రైవర్‌దో, ఫర్మ్‌వేర్‌దో, మాదో. తీగలో ఏముందో చూద్దామన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

మోడెంకు ఒక చిన్న స్పీకరుంటుంది, దాన్ని ఆపేసి ఉంచారేమో తెరిచి విను అని పత్రికలో చివరి మాట. సరే, లైను ఎత్తిపట్టి స్పీకరు తెరవమని ఆజ్ఞ కొట్టాను. టిక్కు.

గుయ్యిమనాల్సింది. గుయ్యిమనలేదు. ఏదో ఖాళీ గదిలో చెవి పెట్టినట్టు ఒక బోలు హోరు. దానిలో ఎక్కడో నీటి బొట్టు పడుతోంది, ఆగి ఆగి. తర్వాత ఊపిరి. మనిషి ఊపిరి. లోపలికి తీసుకునేటప్పుడు చిన్నగా మూలుగు, వదిలేటప్పుడు ఏమీ లేదు. బావ నా వైపు చూశాడు, నేను బావ వైపు చూశాను. ఇద్దరం మా ఊపిరి బిగబట్టాం, అది మాది కాదని తేల్చుకోవడానికి. పెట్టెలో ఊపిరి ఆగలేదు.

బావ లైను పెట్టేయబోయి తొందరలో మళ్లీ డయల్ నొక్కాడు. అంకెలు పీ పీ అని వరసగా పలికాయి. అవి ఆగగానే పెట్టెలోంచి ఒక ఆడమనిషి గొంతు, పొడిబారి, చాలా దూరం నుంచి వచ్చింది.

"మళ్ల కూసినవా..."

మడతపెడుతున్న బట్టలు అమ్మ చేతిలోంచి జారిపడ్డాయి. "తీసెయ్యుండ్రి, ఆ వైరు పీకెయ్యుండ్రి ముందు" అంది. బావ తీగ మీద చేయి వేశాడు కూడా. నాన్నే ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు. గొర్రె గాని మనిషి గాని, నొప్పిల ఉన్న ఊపిరి గిట్లనే ఉంటది. ఎవరో పడిపోయిన్రు."

"ఎక్కడ మామయ్యా?" అన్నాడు బావ. మాట్లాడదామంటే మోడెంకు నోరు లేదు, అంకెలు పలకడం తప్ప. సెట్టు రిపేరు దుకాణంలో ఉంది, ఆదివారం అది తెరవరు. పక్కింటికి తాళం. బావ మళ్లీ నంబరు కొట్టాడు, కావాలనే ఈసారి. పీ పీ అని పలికి ఆగగానే ఆ గొంతు, "ఇంకోపారి... ఇంకోపారి కూయి" అంది. మాట తెలుగే, మా ఊరి మాటే. ఎవరితో అంటోందో మాత్రం తెలియలేదు.

అప్పుడు పెట్టెలో ఇంకో గొంతు వినపడింది. సన్నగా, ఎక్కడో కిటికీ బయట నుంచి: "పాత ఇనుమూ... పాత పేపర్లూ..." చివర్న గొంతు పగిలి పైకి లేస్తుంది. అమ్మ తల ఎత్తింది. భయం అలానే ఉంది గానీ దాని పక్కన ఇంకేదో వచ్చింది. "గాయనే. మన రిక్షా బండాయనే. గాయనతోని నేను బేరమాడని ఆదివారం ఉన్నదా?" అంది.

మేము నలుగురం కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చెవులు రిక్కించాం. మిల్లులు ఆగి ఉన్నాయి. చాలాసేపటికి, మేము ఇక రాదనుకున్నాక, మా వీధి మలుపులో అదే కేక, అదే పగిలిన గొంతు వినపడింది. అమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికింది.

"ఇప్పుడు యాడికెల్లి వస్తున్నవు?"

"మిల్లు ఎనక గల్లీల నుంచమ్మా. ఏమైంది, సామానేమన్న పోయిందా?" అన్నాడు ఆయన బెదిరిపోయి.

బావను నంబరు కొడుతూనే ఉండమని చెప్పి, నేనూ నాన్నా అమ్మా మిల్లు వెనక గల్లీకి పోయాం. రెండు వైపులా మూసి ఉన్న తలుపులు, నిద్రపోతున్న మధ్యాహ్నం, తడి ఊక పులిసిన వాసన. తలుపు తట్టిన ఇంట్లోవాళ్లు మమ్మల్ని పైకీ కిందికీ చూశారు. పెట్టెలో గొంతు వినపడిందని ఎలా చెప్పాలో తెలియక నాన్న "ఎవరికన్న బాగలేదా మీ గల్లీల?" అని అడుగుతున్నాడు. ఎవరూ లేదన్నారు. నేను ఒక్కదాన్ని ముందుకు నడిచి, గల్లీ చివర నీలం రంగు కిటికీ ఉన్న ఇంటి పక్కన ఆగాను. ఎందుకు ఆగానో మొదట తెలియలేదు. తర్వాత తెలిసింది.

మూసిన కిటికీ లోపల నుంచి, నేల దగ్గర నుంచి, సూది మొనంత సన్నగా, మేము కొట్టే నంబరు వినపడుతోంది. ఆ ఎండాకాలమంతా తెర మీద కొట్టి కొట్టి, ఆ మధ్యాహ్నం స్పీకరు తెరిచినప్పటి నుంచి విని విని, నాకు కంఠతా వచ్చిన వరస. రెండు వీధుల అవతల మా ఇంట్లో బావ నొక్కుతున్నాడు, ఇక్కడ ఎన్నడూ చూడని ఇంట్లో అది పలుకుతోంది. నాన్నా అని అరిచాను.

ఎదురింటివాళ్లు అక్కడ ఎవరూ లేరన్నారు. ఆ ఇంట్లో ఉండేది జాకెట్లు కుట్టే ఒక పెద్దావిడ, ఆమె చెల్లెలి కుటుంబం. అందరూ నేరేడుచర్లలో పెళ్లికి పోయారట. "ఆమె గూడ పొయ్యే ఉంటది" అన్నారు. తలుపు నెడితే లోపలి నుంచి గడియ. పెళ్లికి పోయినవాళ్లు లోపలి నుంచి గడియ ఎట్ల పెడతారని అమ్మ అడిగింది. అప్పుడు అందరూ కలిసి తలుపు మీద పడ్డారు.

ఆమె మంచం పక్కన నేల మీద ఉంది. గాలివానకు కప్పు కారి గచ్చు తడిసింది. ఫోను ఎత్తబోయి జారి, ఫోనుతో సహా పడింది. తుంటి విరిగింది. రిసీవరు ఆమెకు అందనంత దూరంలో, మంచం కింద. మేము చూస్తుండగానే అది మళ్లీ పీ పీ అని పలికింది. ఆమె కళ్లు దానివైపు తిరిగాయి. నాన్న నీళ్లు తెమ్మన్నాడు, తాగించకుండా పెదాలు మాత్రం తడపమన్నాడు. మంచం మీదికి చేర్చి, దానితో సహా ట్రాలీ ఆటోలోకి, అక్కడి నుంచి సర్కారు దవాఖానకు. ఇంకొక్క రాత్రి అట్లనే ఉంటే మాకు దొరికేది కాదని డాక్టరు అన్నాడు.

మర్నాడు లైన్‌మన్ వచ్చి వీధి మలుపులో ఇనుప డబ్బా తెరిచి చూపించాడు. వాననీళ్లు దిగి, చిలుం పట్టి, మా తీగా వాళ్ల తీగా అతుక్కుపోయాయి. వాళ్ల రిసీవరు కింద పడి ఉన్నంతసేపూ మా లైనూ ఎత్తిపెట్టినట్టే. అందుకే డయల్ టోన్ లేదు. అంటే మోడెం మొదటి నుంచీ నిజమే చెప్పింది, నమ్మనిది మేము. ఆయన తీగలు విడదీసి పోయాక, గుయ్యిమంది, కీచుమంది, కలిసింది. గొర్రె ఫొటో పైనుంచి కిందికి ఒక్కో గీతగా దిగుతుంటే నాన్న మూతి వచ్చేదాకా కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. మామూలు పుండ్లేనని తేలింది. కానీ అది డయల్ చేసే ప్రతిసారీ అమ్మ లేచి వాకిట్లోకి పోయేది.

ఇంతవరకైతే ఇది మంచి జరిగిన కథ. వానలు ముదిరాక, ఆ పెద్దావిడ కర్ర పట్టుకుని నడుస్తోందని తెలిసి చూడటానికి పోయాను. అప్పటికి పెద్దమ్మా అని పిలవడం అలవాటైంది. ఆమె నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నన్ను బతికిచ్చింది మీరే బిడ్డా, కాదన. గని మీకన్న ముందు ఆ ఫోన్ల కూసిన పిట్ట. కన్ను మూతపడ్డప్పుడల్లా కూసేది. నిద్రబోతే ఇగ లేవనని దానికి ఎరుకున్నట్టుంది. రాత్రంతా కూసిందమ్మా."

"రాత్రా? ఆదివారం పొద్దున గదా పెద్దమ్మా" అన్నాను.

"నేను పడ్డది శనివారం దీపాలు పెట్టే యాళకు. పడ్డ జరసేపటికే మొదలువెట్టింది. తెల్లారేదాక ఇడవలే."

రిసీవరు పక్కన పడితే ఎక్స్ఛేంజి నుంచి ఒక కూత వస్తుందని బావ చెప్పి ఉన్నాడు. అదే చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "అది గూడ ఇన్న. కుక్క ఏడ్సినట్టు ఏడ్సి ఆగిపోయింది. అది కాదు. గిట్ల" అని పెదాలు ముడిచి కూసి చూపించింది. ఆగి, ఆగి, పైకీ కిందికీ. మేము కొట్టిన నంబరులో ఒకే అంకె వెంటవెంటనే వచ్చే చోట ఆమె కూత కూడా ఒకే స్వరం మీద నిలిచింది. కిటికీ బయట మిల్లు హోరెత్తుతోంది. నాకు మాత్రం ఆ హోరు వినపడటం మానేసింది.

ఆదివారం విన్నదాన్నే ముందటి రాత్రికి కూడా అతికించుకుని ఉంటుందని బావ అన్నాడు. నొప్పిలో ఉన్న మనిషికి పొద్దు తెలియదన్నాడు. నిజమే అయి ఉంటుంది. చెప్పేటప్పుడు మాత్రం ఆయన నా కళ్లలోకి చూడలేదు. ఎందుకంటే శనివారం దీపాలు పెట్టే వేళకు మా కంప్యూటరుకు కరెంటే లేదు, మోడెంకు అప్పటికి నోరే రాలేదు. దానికి మాట నేర్పాల్సిన ఫైలు అప్పుడు సూర్యాపేట బస్సులో, నా ఒళ్లో ఉన్న సంచిలో ఉంది. పెద్దమ్మతో నేను ఈ మాట అనలేదు. ఆమె తర్వాత కూడా చాలా ఏళ్లు బతికింది. మా అమ్మ జాకెట్లన్నీ ఆమే కుట్టింది, పిట్ట సంగతి అడిగినవాళ్లకల్లా చెప్పింది, ప్రతిసారీ శనివారం రాత్రనే చెప్పింది. రోజులు ఒకదాని వెనక ఒకటి వచ్చి పోతాయని నేను పిల్లలకు పాఠం చెప్పినంత ధీమాగా నమ్మేదాన్ని. ఎన్ని ఏళ్లు గడిచినా, ఆ శనివారం రాత్రి మాత్రం నాకు ఇంకా పూర్తిగా తెల్లవారలేదు.